పద్నాలుగో నంబరు పేషెంటు

కొత్తగా నర్సు ఉద్యోగంలో చేరిన పిల్లలు ఎక్కడైనా కనిపిస్తే, మేడమ్, మీ సర్వీసులో మరిచిపోలేని కేసు ఏదని అడుగుతారు. పాముకాటు గురించో, టార్చిలైటు వెలుగులో చేసిన కాన్పు గురించో చెబుతానని ఎదురుచూస్తారు. అలాంటివి నా దగ్గర చాలా ఉన్నాయి. అన్నిట్లోనూ నేనే గొప్పదాన్ని, కాబట్టి వాటిని ఇంటికొచ్చిన చుట్టాలకి చెబుతాను. మీకు చెప్పాల్సింది మాత్రం ఒక మామూలు జ్వరం కేసు. అందులో నా తెలివితక్కువతనం తప్ప విశేషమేమీ లేదు.

మాది శృంగవరపుకోట. బజారులో మా నాన్నకి కిరాణా కొట్టు ఉండేది. కొట్టుకొచ్చిన మనిషిని ఎలా పిలిస్తే మళ్ళీ మన కొట్టుకే వస్తాడో పదేళ్ళ వయసుకే నాకు తెలుసు. ఎవరిని మావా అనాలి, ఎవరిని బాబుగారూ అనాలి, ఎవర్ని పేరు పెట్టి పిలిస్తే అలిగి పక్క కొట్టుకి పోతారు, అన్నీ కంఠస్థం. ఆ విద్యతోనే ఆసుపత్రిలో అడుగుపెట్టాను. ముప్పై ఏళ్ళు దాటిన సర్వీసులో, మనుషుల్ని పిలవడం నాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదని నమ్ముతూ వచ్చాను. రిటైర్మెంటుకి ఏడాదిన్నర ఉందనగా ఆ నమ్మకం కాస్తా ఊడిపోయింది.

అప్పుడు నేను ఒక సర్కారు ఆసుపత్రిలో జ్వరాల వార్డులకి హెడ్ నర్సుని. వానాకాలం చివర. ఆ ఏడాది డెంగీ ఊళ్ళకి ఊళ్ళని మంచాన పడేసింది. మగవాళ్ళ వార్డూ నిండిపోయింది, ఆడవాళ్ళ వార్డూ నిండిపోయింది. వరండాలో కూడా చాపలు పరిచాం. ఒక పొద్దున్న రామతీర్థం దగ్గర పల్లె నుంచి ఒకావిడ, ఇరవై రెండేళ్ళ తన బిడ్డని ఆటోలో తీసుకొచ్చింది. ఎచ్చెర్లలో ఉండి చదువుకుంటూ, జ్వరం తగిలి ఇంటికి చేరిన బిడ్డ. ఓపీ చీటీలో ఆడ అని ఉందో మగ అని ఉందో ఇక్కడ రాయను. రాస్తే మీరూ నాలాగే అక్కడే ఆగిపోతారు.

చీటీ ప్రకారం ఏ వార్డులో వెయ్యాలో ఆ వార్డులో, గోడ పక్కనున్న పద్నాలుగో నంబరు మంచం ఇచ్చాను. నేను సెలైను ఎక్కించడం అయ్యాక, నన్ను వెళ్ళిపోకుండా ఆపి, పేషెంటు నెమ్మదిగా అడిగారు.

“సిస్టర్, నా గురించి మీలో మీరు మాట్లాడుకునేటప్పుడు ఆయన అనొద్దు, ఆమె అనొద్దు. తను అనండి. అది నోటికి రాకపోతే నా పేరనండి, చాలు.”

పేరు కూడా చెప్పారు. చీటీలో ఉన్న పేరు అది కాదు, తను పెట్టుకున్నది. మన వైపు ఆడపిల్లలకీ మగపిల్లలకీ పెట్టే పేరే. నా కూతురికన్నా చిన్నవాళ్ళయినా ఇక్కడ ‘అడిగారు, చెప్పారు’ అని రాస్తున్నాను. అలాగైతే తనకి ఇబ్బంది ఉండదని ఆ తర్వాత అడిగి తెలుసుకున్నాను. ఆ తర్వాత అన్నాను, గమనించండి. ఆ పొద్దున్న నేనేమీ అడగలేదు. దానికేం భాగ్యం అనేసి, బీపీ మిషను సర్దుకున్నాను.

నా ముఖం చూసి తల్లికి అనుమానం వచ్చినట్టుంది. వరీ వేరుశనగా పండించే ఇంటి మనిషి. నా వెనకే గుమ్మం దాకా వచ్చింది.

“మాకూ మొదట్లో నోరు తిరగలేదమ్మా. ఆల్ల నాన్నయితే రెండేళ్ళు మాటాడ్డమే మానేసినాడు. ఇప్పుడు మాటాడతన్నాడు. మీకూ అలవాటైపోతాది” అంది.

రెండేళ్ళు పట్టిన పని నేను పది నిమిషాల్లో తేల్చేస్తానని డ్యూటీ రూములో అందరినీ పిలిచి కూర్చోబెట్టాను. కొత్తగా చేరిన స్టాఫ్ నర్సు ఒకమ్మాయి, మా వార్డు ఆయమ్మ, ఇంకో ఇద్దరు. మనిషికి గౌరవం ముఖ్యమని, కాలం మారిందని చెప్పి, ఇకనుంచి ఆ పేషెంటుని అందరూ ‘వారు’ అనాలని తీర్మానం చేశాను. పేషెంటు అడిగింది ‘తను’ అని కదా, లేకపోతే పేరు అన్నారు కదా అని కొత్త నర్సు గుర్తుచేసింది. ‘తను’ అంటే ఎవరో ఎవరికి తెలుస్తుంది, చీటీలో ఒక పేరు నోట్లో ఒక పేరయితే ల్యాబులో గందరగోళం అవుతుందని ఆ అమ్మాయి నోరు మూయించాను. మనిషి అడిగింది పక్కనపెట్టి, అంతకన్నా మంచిది ఇస్తున్నానని మురిసిపోయాను.

ఆయమ్మకి నా తీర్మానం నచ్చలేదు. “మా ఇంటాయన్నే నాను ఏనాడూ వారు అన్లేదు సిస్టరమ్మా. ఇప్పుడీ సిన్న బిడ్డనంటానా” అంది. ఆవిడకి ఆ అవసరం కూడా లేదు. ముసలమ్మయినా, మీసాలాయనయినా, పసిపిల్లయినా ఆవిడకి అందరూ నాయినే. లే నాయినా, దుప్పటి మారస్తాను అంటుంది. నన్ను కూడా అంతే. ఇంత తేలికైన దారి కళ్ళముందే నడుస్తుంటే నేను చూడలేదు. హెడ్ నర్సుని కదా, ఆయమ్మ దగ్గర నేర్చుకునేదేముందని నా ధీమా.

సాయంత్రానికి నా ‘వారు’ వార్డంతా పాకింది. వారికి జావ ఇచ్చారా, వారికి జ్వరం చూశారా అని మేం అంటుంటే, ఎవరో పెద్ద ఆఫీసరు తాలూకు మనిషని చుట్టుపక్కల మంచాలవాళ్ళు అనుకున్నారు. ఒకాయన రేషను కార్డు దరఖాస్తు పట్టుకుని, కొంచెం ఒక మాట చెప్పిస్తారా అని ఆ తల్లి దగ్గరికొచ్చి నిలబడ్డాడు. ఆవిడ నవ్వాపుకోలేకపోయింది. తను కూడా నవ్వారు, జ్వరంలోనే. నవ్వు చూసి నేను గెలిచాననుకున్నాను.

మర్నాడు డాక్టరుగారితో రౌండ్సులో మొదటి ‘ఆయన’ నా నోట్లోంచే జారింది. సర్దుకోబోయి ‘ఆమె’ అన్నాను. ఒకే వాక్యంలో రెండూ. వెంటనే క్షమాపణ మొదలుపెట్టాను. అయ్యో ఏమనుకోకమ్మా, అమ్మా అనకూడదు కదా, ఏమనుకోకు బాబూ, అయ్యయ్యో అంటూ గొంతు పెంచి రెండు నిమిషాలు. అప్పటిదాకా సంగతేమిటో తెలియని వార్డు మొత్తానికి నా పుణ్యాన తెలిసిపోయింది. తను గోడవైపు తిరిగి పడుకున్నారు. నా పొరపాటు కన్నా నా క్షమాపణే ఎక్కువ బాధపెట్టిందని ఆ వీపు చూస్తే నాకు అర్థమైంది. సిగ్గేసింది కూడా. కానీ సిగ్గేసినప్పుడు నోరు మూసుకునే అలవాటు నాకు లేదు. ఇంకో ఉపాయం ఆలోచించాను.

ఉపాయం అంటే కొత్తదేం కాదు. ఆసుపత్రిలో మనందరికీ ఉన్న పాత అలవాటే. పేషెంటుని మంచం నంబరుతో పిలవడం. ఏడుకి సూది మందు వెయ్యి, తొమ్మిదిని ఎక్స్‌రేకి పంపు అంటాం కదా. ఇకనుంచి వార్డులో ఎవరికీ పేర్లూ వద్దు, ఆయనా వద్దు ఆమే వద్దు, అందరికీ నంబర్లే అని చెప్పాను. అందరినీ ఒకేలా చూసినట్టూ ఉంటుంది, ఎవరి నోరూ జారదు. ఇంత చక్కటి ఆలోచన ఇన్నాళ్ళూ పై అధికారులకి ఎందుకు తట్టలేదా అని ఆశ్చర్యపోయాను.

అలా పద్నాలుగు తిన్నదా, పద్నాలుగు పడుకున్నదా అని ఒక పూట గడిచింది. మధ్యాహ్నం నేను థర్మామీటరు పెట్టబోతే తను మొహం తిప్పుకున్నారు.

“ఆయనా కాదు, ఆమే కాదు అన్నానని నన్ను మంచం చెయ్యమన్లేదు సిస్టర్.”

నాకు కోపమొచ్చింది. నిజం చెప్పాలంటే బాగా వచ్చింది. ఇంత కష్టపడుతుంటే ఈ మాటా అనుకున్నాను. కష్టపడుతున్నది తనా నేనా అని ఒక్కసారయినా అనుకుని ఉంటే ఈ కథ ఇక్కడే అయిపోయేది.

ఆ కోపంలో ఉండగానే పక్క మంచం తాలూకువాళ్ళు వచ్చి, ఈ మనిషి ఈ వార్డులో ఉండాల్సినవాళ్ళేనా అని అడిగారు. మీ పని మీరు చూసుకోండి అని చెప్పాల్సింది. అందరిమీదా అరిచే నాకు ఆ రోజు ఆ ఒక్క మాట రాలేదు. డ్యూటీ రూము పక్కన సెలైను పెట్టెలు దాచుకునే చిన్న గది ఉంది. పెట్టెలు జరిపించి, పాత మంచం ఒకటి వేయించి, తనని అక్కడికి మార్పించాను. ఇక్కడైతే నీకు ప్రశాంతంగా ఉంటుందని చెప్పాను. ప్రశాంతత కావలసింది నాకు.

ఆ మంచానికి నంబరు లేదు. అయినా మా నోళ్ళలో తను పద్నాలుగే. నా బుర్రలో కూడా అంతే. ఈలోగా అసలు పద్నాలుగో నంబరు మంచం మీదికి వరండాలోంచి ఇంకో జ్వరం పేషెంటు వచ్చేశాడో వచ్చేసిందో, ఆ సంగతి అడ్మిషను పుస్తకంలో నేనే రాశాను.

ఆ సాయంత్రానికి తనకి ప్లేట్‌లెట్ల పరీక్ష చేయించమని డాక్టరుగారు పొద్దున్నే చెప్పి ఉన్నారు. డెంగీలో జ్వరం తగ్గిన రోజే అసలు భయం. ఒంట్లో రక్తం గడ్డకట్టించే ఆ కణాలు అప్పుడే పడిపోతాయి. ల్యాబు చీటీ రాయడానికి కూర్చున్నాను. పేరు దగ్గర పెన్ను ఆగింది. ఓపీ చీటీలో పేరు రాస్తే తను బాధపడతారు. తను చెప్పిన పేరు రాస్తే ల్యాబువాళ్ళు ఎవరని అడుగుతారు. రెండూ రాస్తే చెయ్యేమీ అరిగిపోదు. నాకది తట్టలేదు. పేరు గడి ఖాళీగా వదిలేసి, ఆడా మగా గడి కూడా వదిలేసి, పద్నాలుగు అని రాసి, కింద సంతకం గీశాను. కొత్త నర్సు చీటీ తీసుకుని, పేరు లేదు సిస్టర్ అంది. నంబరుందిగా, చాలు అన్నాను.

రక్తం తీసేముందు పేరడగండి, పేరు చీటీతో సరిచూసుకోండి అని ముప్పై ఏళ్ళపాటు పిల్లలకి నేర్పిందాన్ని నేనే. నా సంతకం ఉన్న చీటీని ప్రశ్నించకూడదని నేర్పింది కూడా నేనే. ఆ అమ్మాయి రెండో పాఠం పాటించింది. పద్నాలుగో నంబరు మంచం మీదున్న మనిషి రక్తం తీసి ల్యాబుకి పంపింది.

పొద్దున్న రిపోర్టు వచ్చింది. ప్లేట్‌లెట్లు నిక్షేపంగా ఉన్నాయి. డాక్టరుగారికి ఆ రోజు రెండు వార్డులూ, వరండా, పైన ఓపీ. రిపోర్టు చూసి, జ్వరం చార్టు చూసి, పంపించేయండి అని డిశ్చార్జి కాగితం మీద సంతకం పెట్టారు. వెళ్ళిపోతున్నారన్న సంతోషం దాచుకుంటూ కాగితం పట్టుకుని చిన్న గదిలోకి వెళ్ళాను.

తను మంచం మీద కూర్చుని ఉన్నారు. జ్వరం లేదు, మొహం మాత్రం పాలిపోయి ఉంది. రిపోర్టు బాగుంది, ఇంటికెళ్ళి విశ్రాంతి తీసుకో అన్నాను.

“నా రక్తం నిన్న ఎవరూ తియ్యలేదు సిస్టర్.”

నీకు జ్వరంలో గుర్తుండదు నాన్నా అన్నాను. అంత తియ్యగా అన్నాను. తల్లి లేచి నిలబడింది. చేతిలో తువ్వాలు ఉంది.

“మా బిడ్డకి తెలివి బాగానే ఉన్నాదమ్మా. నాను నిన్నట్నుంచీ ఈ గది ఒగ్గేసి కదల్లేదు. ఎవులూ సూది గుచ్చలేదు. ఆ కాయితం మా బిడ్డది కాదు. ఇటు సూడండి.”

తువ్వాలు మీద ఎర్రటి మరకలు. పొద్దున్న నోరు పుక్కిలిస్తే చిగుళ్ళలోంచి వచ్చిందట. తన చెయ్యి పట్టుకుని చూశాను. మోచేతి దగ్గర ఆవగింజలంత ఎర్రటి చుక్కలు వరసగా ఉన్నాయి. మూడు రోజులుగా ఏమని పిలవాలా అని తల బద్దలు కొట్టుకున్నాను తప్ప, మనిషిని సరిగ్గా చూసిందే అప్పుడు. ఇంకో పది నిమిషాలైతే వాళ్ళు ఆటోలో ఉండేవారు. ఆ ఇంటిదగ్గర రక్తం మొదలైతే ఆపే దిక్కు లేదు.

ఆ తర్వాత చెయ్యాల్సినవి చకచకా చేశాం. రక్తం నేనే తీశాను. ఈసారి పేరడిగి రాశాను. ప్లేట్‌లెట్లు బాగా పడిపోయిన ఆ రిపోర్టు చూసి డాక్టరుగారు నన్ను ఏమన్నారో రాయను, నాకు తగిందే అన్నారు. మా దగ్గర ప్లేట్‌లెట్లు ఎక్కించే వసతి లేదు. అంబులెన్సు పిలిచి పెద్దాసుపత్రికి పంపమన్నారు. నేను కూడా ఎక్కాను. ఎవరూ ఎక్కమనలేదు.

దారిపొడుగునా తనతో మాట్లాడుతూనే ఉన్నాను. నీళ్ళు చప్పరించు, కళ్ళు మూసుకోకు, కడుపులో నొప్పుందా, ఎచ్చెర్లలో ఏం చదువుతున్నావు. మాట ఎక్కడా తడబడలేదని సగం దూరం వెళ్ళాక గమనించాను. మనిషితో మాట్లాడితే ఇబ్బందేం లేదు. మూడు రోజులుగా మేం చేసింది మంచానికి అటొకరు ఇటొకరు నిలబడి, ఆ మనిషి తల మీదుగా ఆ మనిషి గురించి మాట్లాడుకోవడం. అన్ని ఆసుపత్రుల్లోనూ అందరం చేసేదే. నేను కొంచెం ఎక్కువ గౌరవంగా చేశాను, అంతే తేడా.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఒళ్ళో కేసు షీటు ఉంది. అందులో ఆ తప్పు రిపోర్టు ఉంది. రిటైర్మెంటు దగ్గర పడింది, ఆ ఒక్క కాగితం లాగేస్తే ఎవరడుగుతారు అన్న ఆలోచన నాకు వచ్చింది. వచ్చి కాసేపు కూర్చుంది కూడా. కాగితం అంచు పట్టుకున్నాను. తల్లి నా చేతులవైపే చూస్తోంది, లేదా అలా అనిపించింది. వదిలేశాను. మంచితనమో భయమో ఇప్పటికీ తేల్చుకోలేదు.

పెద్దాసుపత్రిలో కేసు తీసుకున్న సిస్టరు నాకన్నా పదిహేనేళ్ళు చిన్నది. చురుకైన మనిషి. ఏం జరిగిందని నన్నడిగింది. నిన్న రిపోర్టులో కొంచెం తేడా వచ్చింది అని మొదలుపెట్టాను. ముప్పై ఏళ్ళు సర్కారు కాగితాల భాషకి అలవాటుపడిన నోరు కదా. స్ట్రెచరు మీంచి తను తల పైకెత్తారు.

“తేడా రాలేదు. అది నా రక్తం కాదు. ఆ కాయితం చూసి వైద్యం చెయ్యకండి.”

సిస్టరు నావైపు చూసింది.

“అవునమ్మా. చీటీ మీద పేరు రాయకుండా నేనే పంపాను. తప్పు నాది” అన్నాను.

ఆవిడ స్ట్రెచరు మీదికి వంగి, పేరేంటి అని తననే అడిగింది. తను రెండు పేర్లూ చెప్పారు. ఎలా పిలవాలో చెప్పారు. ఆవిడ ఒక పేరు పైన, ఒక పేరు కింద రాసుకుని, సరే అని చెయ్యి పట్టుకుని సెలైను సూది సరిచేసింది. అంతా కలిపి అర నిమిషం పట్టలేదు. నేను సీసా పట్టుకుని నిలబడ్డాను. ఆ రోజు నాకు ఒప్పజెప్పదగ్గ పని అదొక్కటే.

తర్వాత మూడు రోజులు నాకు అన్నం సహించలేదు. నాలుగో రోజు పొద్దున్న తల్లి ఫోన్ చేసింది. ప్లేట్‌లెట్లు పెరుగుతున్నాయట, చిగుళ్ళలో రక్తం ఆగిందట, ఇడ్లీ తిన్నారట. డ్యూటీ రూములో కుర్చీలో కూలబడి ఏడ్చాను. ఆయమ్మ తుడుపు కర్ర పక్కన పెట్టి నా భుజం నిమిరింది. కొత్త నర్సుకి నేనే టీ తెప్పించి ఇచ్చాను. పేరు లేదు సిస్టర్ అని ఆ రోజు నువ్వు అన్నావు, ఇకమీద నా సంతకం ఉన్నా సరే పేరు లేని చీటీ వెనక్కి కొట్టు అని చెప్పాను. ఆ అమ్మాయి నా ముఖంలోకి చూసి, సరే సిస్టర్ అంది. మరుసటి వారమే నా చీటీ ఒకటి వెనక్కి కొట్టింది కూడా. పేరు రాశాను కానీ తేదీ మరిచిపోయాను.

పది రోజుల తర్వాత తను తల్లితో కలిసి రామతీర్థం వెళ్ళిపోతూ మా వార్డుకొచ్చారు. మీరంటే కోపం పోలేదు సిస్టర్, కానీ అంబులెన్సు ఎక్కారు కదా అన్నారు. దాంట్లో నన్ను క్షమించినట్టు ఎంత ఉందో, క్షమించనట్టు ఎంత ఉందో నేను అడగలేదు. ఆ సంగతి తన ఇష్టం.

మెమో వచ్చింది. రావాలి కూడా. సంజాయిషీ రాసుకుని రమ్మన్నారు సూపరింటెండెంటుగారు. రెండు పేజీలు రాశాను. ఓపీ చీటీలో పేరు మొదట్లో ఒక్కసారి రాసి, ఆ తర్వాత పేషెంటు ప్రస్తావన వచ్చిన ప్రతిచోటా తను చెప్పిన పేరే రాశాను. ఏ రోజు చేరారు, ఏ మంచం ఇచ్చాను, ఎందుకు మార్చాను, చీటీ ఎలా రాశాను, ఏదీ దాచలేదు. ఆయన మన వైపు మనిషే, మాట మోటుగా ఉన్నా మనసు మంచిది. కళ్ళజోడు పైకి తోసుకుని రెండు పేజీలూ చదివారు.

“ఏటమ్మా ఇది, ఎక్కడ సూసినా ఒకటే పేరు? మొదట్లో ఒకసారి రాసీసి, ఆ తర్వాత ఆయనో ఆవిడో ఏదో ఒకటి అనీసుకుంటే సరిపోయీది కదా” అన్నారు.

“ఆ రోజు చీటీ మీద ఒక్కసారి రాసుంటే, ఈ కాయితమే రాసే పనుండేది కాదు సార్” అన్నాను.